అంతర్వేదిలో ఒక ఆంప్లిఫయర్ కోసం...

నరసాపురం రేవులో పంటు ఎక్కితే వశిష్ఠ దాటి సఖినేటిపల్లిలో దిగుతాం. అక్కణ్ణించి అంతర్వేది దాకా దారిపొడుగునా కొబ్బరితోటలే. ఊరు దగ్గరపడుతుంటే గాలి మారుతుంది. పెదాలు తడుపుకుంటే ఉప్పగా తగుల్తుంది. సముద్రం వచ్చేసిందన్నమాట!

ఈ ఊరికి అందరూ లక్ష్మీనరసింహస్వామి దర్శనానికి వస్తారు. నేనూ చేసుకున్నాననుకోండి. కాని అసలు పని వేరు. మా మావయ్యకి కొత్త ఆంప్లిఫయర్ వచ్చిందో లేదో చూడాలి!

"వచ్చిందా మావయ్యా?" అన్నాను గుమ్మంలోనే.

"రాలేదురా. ముందు కాళ్లు కడుక్కో."

"ఏడు నెలలనించీ ఇదే వరస! కూతురి పురుడుకైనా ఇంత ఎదురుచూడలేదీయన" అంది అత్తయ్య.

హాల్లో ఓ పక్క రికార్డు ప్లేయరు. అటూ ఇటూ వడ్రంగి చేసిచ్చిన టేకు స్పీకరు పెట్టెలు. మధ్యలో ఖాళీ పీట, దానిమీద ఉతికిన గుడ్డ. రాబోయే దొరగారికి ఆసనం!

షాపులో కొంటే ఒక్కరోజు పని కదా అంటారా? నేనూ అదే అన్నాను. మావయ్య ఒప్పుకోడు. ఆయనకి కావలసింది వాల్వుల సెట్టు. ఒక్కో చానల్‌కి రెండేసి ఇ.ఎల్. 84 వాల్వులు. ఇంటికి పది వాట్లు దాటితే చాలునట. రాజోలులో ఒక పెద్దాయన కట్టిస్తున్నాడు. ఒకప్పుడు తీర్థాల్లో మైకుసెట్లు బాగుచేసిన చెయ్యి అది.

ఆలస్యమంతా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. వాల్వుకి వోల్టేజి ఎక్కువ, కరెంటు తక్కువ. స్పీకరుకి అటుది ఇటు కావాలి. ఇద్దరికీ సంబంధం కుదిర్చే పెళ్లిపెద్ద అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. రాగితీగని పొరలుపొరలుగా, ఒక చుట్టలో మరో చుట్ట ఇరికించి చుట్టాలి. లేకపోతే సన్నటి స్వరాలు దారిలోనే రాలిపోతాయి. ఆపైన వార్నీషులో ముంచి ఆరబెట్టాలి. కార్తీకంలో పట్టిన ముసురుకి అది ఆరితేనా!

"ఎదురుచూడ్డం ఈ ఊరికి కొత్తా?" అన్నాడు మావయ్య. "2020 సెప్టెంబరులో స్వామి రథం కాలిపోయింది. ఊరంతా కుమిలిపోయింది. మళ్లీ చేయించారు. 2021 ఫిబ్రవరిలో కొత్త రథం చూశాం. చేయించేదానికి టైము పడుతుందిరా."

వచ్చాక మొదట పెట్టే రికార్డు కూడా సిద్ధం. 'మూగమనసులు'! 1964లో ఆదుర్తివారు తీసిన గోదారి కథ, మహదేవన్ సంగీతం, ఘంటసాల, సుశీల. "అప్పటి సినిమా పాట మోనోయే కదా, రెండు పెట్టెలెందుకు?" అన్నాను. "నా రెండు చెవులకీ" అన్నాడు.

ఆ మాట అప్పుడు నవ్వులాటే అనుకున్నాను.

సాయంత్రం అన్నాచెల్లెళ్ల గట్టు వైపు నడిచాం. గోదారి సముద్రంలో కలిసేచోటు. నది రంగు వేరు, సముద్రం రంగు వేరు. నెత్తిమీద చిన్నపిట్టల గుంపొకటి కీచుకీచుమంటూ పోతోంది.

"ఏవిట్రా పైకి చూస్తున్నావు?"

"పిట్టలు మావయ్యా. వినబళ్లేదూ?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. "కెరటాలు వినిపిస్తున్నాయి. పిట్టలు లేవు నాకు. వయసు పైబడితే సన్న శబ్దాలే ముందు పోతాయన్నారు డాక్టరుగారు. మీ అత్తయ్యతో అనకు" అన్నాడు.

పీటమీద గుడ్డ రోజూ ఎందుకు ఉతికిస్తున్నాడో అప్పుడర్థమైంది. ఆంప్లిఫయర్ వచ్చేలోపు సుశీల గొంతులో ఎంత మిగుల్తుందో ఆయనకి!

మర్నాడు తిరుగు ప్రయాణంలో పంటు ఎక్కలేదు. రాజోలు బస్సెక్కాను. పెద్దాయన బల్లమీద ట్రాన్స్‌ఫార్మర్లు రెండూ బల్బు వేడికి ఆరుతున్నాయి. తొందరపెట్టాను.

"ఆరకుండా ఇస్తే మీ ఉప్పుగాలి తినేత్తాది బాబూ. రాగికి చిలుమెక్కుద్ది. భీష్మేకాదశి తీర్థానికి పాడించే పూచీ నాది, ఆయ్!"

అత్తయ్యతో అనకన్నాడు గాని, ఈయనతో అనొద్దనలేదు కదా! మావయ్య చెవుల సంగతి చెప్పేశాను. పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. డ్రాయింగు కాగితం ముందుకి లాక్కుని పెన్సిలు అందుకున్నాడు.

"ముందే చెప్పొద్దుటండీ! ట్రెబుల్ నాబు ఇంకాస్త పైకి తిరిగేట్టు మార్చేత్తాను" అన్నాడు.