కామసముద్రంలో కాల్చిన గుమ్మడి

బంగారుపేటలో కుప్పం వైపు వెళ్ళే మెము రైలు ఎక్కితే పెట్టెలో మూడు భాషలు ఒక్కసారే చెవిన పడతాయి. టికెట్ గురించి కన్నడంలో అడిగిన మనిషే పక్కనున్నావిడతో తెలుగులో ధరలు మాట్లాడి, ఫోను మోగగానే తమిళంలోకి మారిపోతాడు. మద్రాసు రైల్వే వాళ్ళు జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటుకు 1864లో తెరిచిన దారి ఇది. మైసూరు కమిషనరుగా పనిచేసిన లెవిన్ బౌరింగ్ పేరుమీద బంగారుపేటను ఒకప్పుడు బౌరింగ్‌పేట అనేవారు. కోలారు బంగారు గనుల కోసం ఇక్కడినుంచే మారికుప్పానికి మరో రైలుమార్గం వేశారు. కోలారు పేరు చెప్పగానే అందరూ ఆ దారి పట్టి గనులు చూసి వస్తారు. నేను మాత్రం ఆంధ్ర సరిహద్దు వైపు సాగే పెద్ద లైను మీద కామసముద్రానికి బయల్దేరాను. పొయ్యి మీద కాల్చిన గుమ్మడికాయ తినిపిస్తానని స్నేహితురాలి మేనత్త ఎన్నాళ్ళుగానో పిలుస్తోంది.

దసరా వెళ్ళి కార్తీకం రాబోతున్న రోజులు. బంగారుపేట మార్కెట్లో రెండు రకాల గుమ్మడికాయలూ ఇంకా కుప్పలుగానే ఉన్నాయి. ఒకటి బూడిద గుమ్మడి. ఆయుధ పూజ నాడు లారీకీ ఆటోకీ లేతు మిషనుకీ దిష్టి తీసి, కుంకుమ నింపి పగలగొట్టేది దీన్నే. ఆ పూజ తర్వాత ఈ ముక్కల మీద జారే ప్రమాదముంది కాబట్టి కర్ణాటక రోడ్లమీద రెండు మూడు రోజులు బండి జాగ్రత్తగా నడపాలి. రెండోది తీపి గుమ్మడి. గాడులు తేలిన పైచర్మం, లోపల పసుపూ నారింజా కలిసిన కండ. వడియాలకు, హల్వాకు మొదటిది. కూరకు, పులుసుకు రెండోది. పూజ కోసం ఎగబడే జనం ఈ రెండోదాన్ని అంతగా పట్టించుకోరు. ఎంచి తీసుకోవాలంటే అదే మంచి అదను.

కామసముద్రం స్టేషను చిన్నది. రైలు పోగానే నిశ్శబ్దం ముంచుకొస్తుంది. అటు బిసానత్తం, గుడుపల్లె దాటితే కుప్పం. ఇటు హైదరలీ పుట్టిన ఊరని చెప్పే బూదికోట. బంగారుపేట చుట్టుపక్కల నేల సముద్ర మట్టానికి 800 మీటర్లకు పైనే ఉంటుంది కాబట్టి అక్టోబరు ఎండలో కాక ఉండదు. కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది లేదు. చెరువులు, వెయ్యి అడుగులు దాటిన బోర్లు, సెప్టెంబరు అక్టోబరుల్లో పడే వాన — వ్యవసాయమంతా వీటి మీదే. దారి పొడుగునా రాగి చేలు వెన్ను వేసి ఉన్నాయి. మధ్య మధ్య సాళ్ళలో అనప, కంది. రైతులు వీటిని కన్నడంలో ‘అక్కడి సాళ్ళు’ అంటారు. రాగి కోత అయినా మిగిలిన సాళ్ళు చేలో నిలిచే ఉంటాయి. ఒక పంట పోయినా మరొకటి చేతికొస్తుంది.

అడవి అంచు పొలాల్లో మంచెలు కనిపిస్తాయి. తమిళనాడు వైపు అడవుల నుంచి ఏనుగుల గుంపులు ఈ ఊళ్ళలోకి దిగడం ఏటా జరిగేదే. రాత్రిళ్ళు టపాసులు, మంటలు, అరుపులు. రాగి వెన్ను గట్టిపడే ఈ నెలల్లోనే కాపలా ఎక్కువ. రాగి కోతదాకా చేలో ఉంచలేని పంటను రైతు ముందే ఇంటికి చేర్చుకుంటాడు. గట్టు మీద పండిన గుమ్మడికాయలూ అందులో ఉంటాయి.

అత్తవాళ్ళ ఇంట్లో గుమ్మడి పాదుకు విడిగా చోటంటూ లేదు. పెంటదిబ్బ అంచున రెండు గింజలు గుచ్చితే, ఎరువు బలానికి తీగ గోడెక్కి రేకుల కప్పు మీదికి పోతుంది. ఆకు ముదిరి, కాయ తొడిమ ఎండి బెండులా మారి, గోరు గుచ్చితే చర్మం దిగకపోయినప్పుడే కోస్తారు. తొడిమను నాలుగు వేళ్ళ పొడుగు వదిలి కోయాలి. తొడిమ ఊడిన కాయ అక్కడినుంచే కుళ్ళుతుంది. వారం పది రోజులు నీడలో, గాలికి ఆరనిచ్చి అటక మీద గడ్డి పరిచి ఒకదానికొకటి తగలకుండా పెడతారు.

"కోసిన పొద్దే వండితే చప్పగా ఉంటాది పాపా," అంది అత్త. "నెల పోనీ. అప్పుడు సూడు దాని రుచి."

ఈ మాట వెనక చక్కటి రసాయనం ఉంది. కోసిన తర్వాత కూడా కాయ బతికే ఉంటుంది, ఊపిరి తీస్తుంటుంది. నిలవున్న మొదటి వారాల్లో కండలోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. ఆరబెట్టే రోజుల్లో పైచర్మం గట్టిపడి గాట్లు మానతాయి. చల్లటి దేశాల్లో ఇదే జాతి కాయల్ని నేలమాళిగల్లో పెట్టి చలికాలమంతా తింటారు. అందుకు 10 నుంచి 13 డిగ్రీల చలి బాగుంటుందని చెబుతారు. అంతకన్నా చల్లగా, ఫ్రిజ్‌లో కాయను అట్టే పెట్టకూడదు. చలి దెబ్బకు కండ పాడవుతుంది. కోలారు అటకకు అంత చలువ లేకపోయినా, గాలాడే చోట కాయ సంక్రాంతి దాకా నిలుస్తుంది. పండగ నాటి పులుసుకు ఒక పెద్ద కాయను పక్కన పెట్టేయడం ఈ ఇంట్లో ఆనవాయితీ.

తీపి గుమ్మడి మన నేలది కాదు. మన పాత గ్రంథాల్లోని కూష్మాండం బూడిద గుమ్మడే. తీపి గుమ్మడి కుటుంబానికి పుట్టిల్లు అమెరికా ఖండం. మెక్సికోలో ఒహాకా దగ్గర గిలా నకిట్స్ గుహలో దొరికిన గుమ్మడి గింజలకు 10,000 ఏళ్ళ వయసుందని బ్రూస్ స్మిత్ అనే పురావస్తు శాస్త్రవేత్త 1997లో తేల్చాడు. మొక్కజొన్నకన్నా ముందే అక్కడి మనిషి గుమ్మడిని సాగులోకి తెచ్చుకున్నాడు. కొలంబస్ యాత్రల తర్వాత ఓడలెక్కి మన తీరం చేరిన ఈ కాయ మిరప లాగానే ఇంటిదైపోయింది. బెంగళూరు శివార్లలోని హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ దీన్లో రెండు మంచి రకాలు తెచ్చింది. అర్క చందన్ రెండు మూడు కిలోల కాయ, లేత గోధుమ రంగు మీద మీగడ మచ్చలు. అర్క సూర్యముఖి కిలో, కిలోన్నర తూగే గుండ్రటి నారింజ కాయ, మీద తెల్లటి చారలు. నలుగురుండే ఇంటికి, ఒక పూటకు కాల్చుకోవడానికి సూర్యముఖి లాంటి చిన్న కాయే నయం. పెద్దకాయ కోస్తే సగం పక్కింటికి పంపాల్సిందే. పల్లెల్లో అది చక్కగా చెల్లుతుంది, అపార్టుమెంట్లలో చెల్లదు.

సాయంత్రం మామ పొలం నుంచి వచ్చేదాకా కాయ కొయ్యలేదు. నిండు గుమ్మడికాయ మీద ఆడవాళ్ళు మొదటి కత్తి వెయ్యకూడదన్న పట్టింపు ఈ ఇంట్లో ఇంకా ఉంది. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి, మచ్చుకత్తి తొడిమ పక్కన దింపి ఒక్క పోటుకు రెండు చెక్కలు చేసి లేచిపోయాడు. మిగతాదంతా అత్త పనే. గింజల్నీ పీచునీ చేత్తో దేవింది. గింజలు ఒక గిన్నెలోకి, పీచు ఆవుకు. చెక్కు తియ్యలేదు. గాడుల వెంట చంద్రవంకల్లా, రెండు వేళ్ళ మందాన ముక్కలు కోసింది. ముక్క పలచనైతే నిప్పు మీద కరిగిపోతుంది, మరీ మందమైతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. చెక్కు ఉంటే ముక్క చెదరదు, పళ్ళెంలో గరిట పోటుకు తనంతట ఊడివస్తుంది.

వేరుశనగ నూనె, ఉప్పు, కాస్త పసుపు, కారం. నీళ్ళ చుక్క తగల్లేదు. నీళ్ళు పొయ్యొద్దా అని అడిగితే, "దాని నీళ్ళు దానికి చాలు," అని అత్త పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది. మంట కాదు, నిప్పులు కావాలి. ఇనప పెనం కాలాక ముక్కల్ని ఒక వరసలో, ఒకదానిమీదొకటి ఎక్కకుండా పరిచింది. కిక్కిరిసిన ముక్కలు ఆవిరికి ఉడుకుతాయి, కాలవు. మొదట మూత పెట్టింది. ముక్క లోపలి తడికి లోపలే మెత్తబడింది. మూత తీశాక అసలు పని మొదలు. తడి ఆరేకొద్దీ అంచులు ముదురు నారింజ, తర్వాత చెక్క రంగు, అక్కడక్కడా నల్లటి మచ్చలు. ముక్క కదపకుండా ఆగడమే ఇందులో పనితనం. మాటిమాటికీ తిప్పితే రంగు పట్టదు.

నీళ్ళలో ఉడికే కూర 100 డిగ్రీలు దాటదు. పెనం మీద తడి ఆరిన అంచు 140 దాటాకే చక్కెరా మాంసకృత్తులూ కలిసి ఆ గోధుమ రంగును, కమ్మదనాన్ని పుట్టిస్తాయి. మన గుమ్మడి వంటలన్నీ దాదాపు చింతపండు పులుసులో, బెల్లంలో మునిగేవే. దప్పళం గొప్పది, రాయలసీమ పులగూర గొప్పది, కాదనలేం. కానీ వాటిలో గుమ్మడి రుచి పులుసుకు తోడుగానే ఉండిపోతుంది. నెల రోజులు అటక మీదుండి, నీళ్ళు తగలకుండా కాలిన కాయకు బెల్లం అక్కర్లేదన్నది ఆ పూట నాలుక ఒప్పుకున్న సంగతి. కోలారు, చిత్తూరు పల్లెల్లో వంకాయను నిప్పుల్లో కాల్చి గొజ్జు చేయడం అందరికీ తెలుసు. గుమ్మడికీ ఆ మర్యాద దక్కాలి.

పైన చల్లింది ఉచ్చెల్లు పొడి. తెలుగునాట వెర్రినువ్వులంటారు, అరకులో వలిసెలంటారు. అరకు లోయ శరత్తులో పసుపు పరుచుకునేది ఈ పూలతోనే. నువ్వుకన్నా సన్నగా, నల్లగా మెరిసే గింజ. అత్త దాన్ని వట్టి మూకుట్లో చిటపటలాడేదాకా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, చింతపండు రెబ్బ, ఉప్పుతో రోట్లో దంచింది. మెత్తగా నూరితే నూనె ఊరి ముద్దకడుతుంది, కనుక బరక ఉండగానే ఆపింది. వేడి ముక్కల మీద గుప్పెడు చల్లి, నిమ్మకాయ పిండింది. తీపి, కారం, పులుపు, ఆ గింజ వగరు అన్నీ విడివిడిగా తగులుతాయి. ఉచ్చెల్లు దొరకని చోట వేయించిన నువ్వుల పొడి వాడుకోవచ్చు గానీ ఆ వగరు రాదు.

పక్కన రాగి ముద్ద, అలసంద సారు. ఆకుపచ్చ సారులో తడిసిన ముద్ద మింగి, మధ్యలో ఒక గుమ్మడి ముక్క కొరుక్కోవాలి. ముద్ద నమలరు కాబట్టి పంటికి పని చెప్పే నంజుడు ఏదో ఒకటి ఉండాలి, ఆ పని ఈ ముక్క చేస్తుంది. రాగి, వెర్రినువ్వు రెండూ ఆఫ్రికా నుంచి వచ్చినవే. కర్ణాటకలో రాగి లక్ష్మణయ్యగా పేరుపడ్డ శాస్త్రవేత్త ఆఫ్రికా రాగినీ మన రాగినీ కలిపి ఇండాఫ్ రకాలు తీసి ఈ జిల్లాల దిగుబడినే మార్చేశాడు. గుమ్మడి అమెరికాది. ఒక మెట్ట పల్లె పళ్ళెంలోకి ఇన్ని ఖండాలు చేరాయన్న ఆలోచన తినేటప్పుడు రాలేదు, చేయి కడుక్కుంటుంటే వచ్చింది.

మర్నాడు ఆ బంగారు గనుల ఊరు కేజీఎఫ్ వెళ్ళాను. జాన్ టేలర్ కంపెనీ 1880లో అడుగుపెట్టిన చోటు, శివనసముద్రం నుంచి 1902లోనే కరెంటు వచ్చిన చోటు, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడిన చోటు. ఇక్కడే పెరిగిన బ్రిడ్జెట్ వైట్-కుమార్ గనుల కాలనీల ఆంగ్లో-ఇండియన్ వంటల్ని పుస్తకాలకెక్కించారు. ఆ వంటల్లో ఫూగత్ ఒకటి: కూరగాయ ముక్కల్ని ఆవాలు, ఉల్లి, కొబ్బరితో వేయించే పొడికూర. కామసముద్రం పెనానికి అది దూరపు చుట్టమే. రాబర్ట్‌సన్‌పేట మార్కెట్లో గుమ్మడిని చెక్కలుగా కోసి అమ్ముతున్నారు. ఎంచేటప్పుడు కండ రంగు చూడాలి. ఎంత ముదురు నారింజైతే బీటాకెరోటిన్ అంత ఎక్కువ. అది నూనెలోనే కరుగుతుంది కాబట్టి ముక్కకు రాసే రెండు చెంచాల నూనె దండగ కాదు.

కట్టెల పొయ్యి లేనివాళ్ళకు ఓవెను ఉంది. 210 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు, మధ్యలో ఒక్కసారి తిప్పాలి. అమెరికాలో ఉండే తెలుగువాళ్ళకు ఇది మరీ సులువు. అక్టోబరు వస్తే దుకాణాల ముందు గుమ్మడి జాతులన్నీ పోసి ఉంటాయి. వాటిలో బటర్‌నట్ మన తీపి గుమ్మడి జాతిదే. మసాచుసెట్స్‌లోని స్టోలో 1940ల్లో చార్లెస్ లెగెట్ దాన్ని తయారుచేశాడు. జపాను వాళ్ళ కబోచా మరింత పొడిగా, చిలగడదుంపలా ఉంటుంది. చలికాలపు అయనాంతం నాడు దాన్ని తినడం వాళ్ళ ఆచారం. ముఖాలు చెక్కే పెద్ద నారింజ కాయ మాత్రం కొనొద్దు. దాంట్లో నీరెక్కువ, రుచి తక్కువ. కాలిస్తే పీచే మిగులుతుంది.

కామసముద్రంలో ఆ పూట గిన్నెలోకి తీసిన గింజల్లో తాలువి ఏరేసి, సగం కడిగి ఎండబెట్టి ఉప్పు నీళ్ళు చిలకరించి వేయించారు. మిగతా సగం విత్తనానికి. అత్త వాటికి బూడిద పట్టించి, పేడలో అద్ది పిడకలా వెనకగోడకు కొట్టింది. పురుగు పట్టదు, ఎలుక ముట్టదు, తొలకరి పడ్డాక పిడకతోసహా నేలలో పాతిపెట్టొచ్చు. మిగిలిన కాలిన ముక్కలు పొద్దున్నకు పెరుగు పచ్చడయ్యాయి. చెక్కు ఒలిచి, చేత్తో మెదిపి, గడ్డపెరుగు కలిపి, ఆవాలు కరివేపాకు ఎండుమిర్చి తాలింపు పెట్టారు. రాగి అంబలిలోకి నంజుకోవడానికి ఇది రాత్రి ముక్కలకన్నా బాగుందని మామ అన్నాడు. అత్త ఒప్పుకోలేదు.