పాలపళ్ళ గుర్రం

2011 అనగానే టెక్సస్‌లో ఉన్నవాళ్ళకు ఎండే గుర్తొస్తుంది. వంద డిగ్రీల ఫారన్‌హీట్ తాకిన లేక దాటిన రోజులు ఆ ఏడాది డల్లాస్‌లో 71. నాకు ఎండతోపాటు ఒక వాసన కూడా గుర్తొస్తుంది. వేడెక్కిన క్లిప్పర్ నూనె, తడిసిన బొచ్చు, ఎండుగడ్డి కలిసిన వాసన. ఏడాది వయసున్న బుల్లి గుర్రాన్ని ప్రదర్శనకు తయారుచేసిన వేసవి అది.

అప్పటికి నాది హెచ్4 వీసా, భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడి వచ్చేది. జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, ఉద్యోగం చేసే హక్కు లేక, అపార్ట్‌మెంట్ బాల్కనీలో కూర్చుని రోడ్డు చూస్తూ ఉండేదాన్ని. డెంటన్ కౌంటీలో మా ఇళ్ళు దాటి కొంచెం ఉత్తరానికి పోతే గుర్రాల రాంచ్‌లు వరసగా కనిపించేవి. ఇసుక నేలలు గుర్రాల కాళ్ళకు మంచివని పెంపకందార్లు అక్కడ స్థిరపడ్డారట. ఒకరోజు మావాడికి గుర్రాలు చూపిద్దామని వెళ్ళాం. అక్కడ ఒక పెద్దావిడ మినియేచర్ గుర్రాలు పెంచేది. వాడు చూసి ఇంటికొచ్చాడు గానీ నా మనసు అక్కడే ఉండిపోయింది. “పని బోలెడుంది, డబ్బు మాత్రం ఇవ్వలేను” అంది ఆవిడ. “నేను తీసుకోకూడదు కూడా” అన్నాను. అలా మొదలైంది.

మినియేచర్ అంటే పెరగని గుర్రం కాదు, పోనీ పిల్ల కాదు. తరతరాలుగా ఏరి పెంచిన చిన్న గుర్రం. వాటి పూర్వీకుల్లో షెట్లాండ్ పోనీలున్నాయి, బొగ్గు గనుల్లో బళ్ళు లాగిన పోనీలున్నాయి. అమెరికన్ మినియేచర్ హార్స్ అసోసియేషన్ 1978లో పుట్టింది. దాని ఆఫీసు టెక్సస్‌లోనే, అల్వరాడోలో. పూర్తిగా ఎదిగాక కూడా 34 అంగుళాలు దాటకూడదన్నది వాళ్ళ నియమం. ఆ ఎత్తు భుజం మీద కాదు, జూలులో ఆఖరి వెంట్రుక మొలిచిన చోట కొలుస్తారు.

మేం తయారుచేసిన పిల్ల పేరు బిస్కెట్. 2010 వసంతంలో పుట్టింది. తల్లిపాలు మాన్పించే రోజుల్లో పెద్దావిడ నన్ను పిలిచి, కంచె ఇవతలే నిలబెట్టింది. “ముందు దూరం నుంచి చూడు. దగ్గరికెళితే ముద్దొస్తుంది. ముద్దొచ్చాక ఇంకేమీ కనబడదు” అంది. ఆ మాట ఈనాటికీ ఆవిడ గొంతుతోనే వినబడుతుంది. ఆ రోజు ఆవిడ ఏ బట్టల్లో ఉందో, పక్కన ఇంకెవరున్నారో ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు.

పక్కనుంచి చూస్తే బిస్కెట్ మెడ పొడుగ్గా, గొంతు దగ్గర సన్నగా ఉంది. వీపు పొట్టి. నుదురు వెడల్పు, కళ్ళు పెద్దవి. ఎదురుగా చూస్తే ముందు కాళ్ళు తిన్నగా దిగాయి. నేను ఇవన్నీ వరసగా చెబుతూ పోతుంటే ఆవిడ ఆపింది. “బాగున్నవి తర్వాత. బాగాలేనివి చెప్పు.” అప్పుడు వెనక్కి వెళ్ళి చూశాను. వెనక కాళ్ళ మడమ కీళ్ళు ఒకదానివైపు ఒకటి ఒరిగి ఉన్నాయి. ఎక్కువ కాదు, కానీ ఉన్నాయి.

ప్రకాశం జిల్లాలో మా తాతయ్య కూడా సంతలో గిత్తను ఇలాగే చూసేవాడు. బేరగాడు మూపురం చూపిస్తూ ఉంటే ఆయన వెనక్కి వెళ్ళి, నడిపించమని అడిగేవాడు. నడిచి వెళ్ళేటప్పుడు వెనకనుంచి ఒకసారి, ఎదురొచ్చేటప్పుడు ఒకసారి. మా వైపు బండలాగుడు పోటీల్లో పాలపళ్ళ జత, రెండు పళ్ళ జత అని పళ్ళను బట్టే విభాగాలుంటాయి. బిస్కెట్‌వి అప్పటికి పాలపళ్ళే. పెద్దావిడ దాని పెదవులు పైకెత్తి చూపించింది. పై వరస, కింది వరస అంచుకు అంచు కలవాలి. కింది దవడ ముందుకొచ్చినా తప్పే, పైది వచ్చినా తప్పే. తల చిన్నదైనంతగా పళ్ళు చిన్నవి కావు కాబట్టి ఈ గుర్రాల్లో ఆ ఇబ్బంది ఎక్కువ. గిత్తలకు పైదవడలో ముందు పళ్ళే ఉండవు. అందుకే తాతయ్యకు ఈ లెక్కతో పని పడలేదు.

తర్వాత నడిపించి చెవి పెట్టి వినమంది. వెనక కాలి మోకాటి చిప్ప జారే గుర్రమైతే అడుగు వేసినప్పుడు టక్కుమంటుంది, కాలు క్షణం బిగుసుకుంటుంది. బిస్కెట్‌కు ఆ చప్పుడు లేదు. పెద్దావిడ ఊపిరి పీల్చుకుంది.

ఆవిడ భయానికి కారణం ఉంది. అంతకు ముందు సంవత్సరం పుట్టిన పిల్లల్లో ఒకటి మరుగుజ్జు. నుదురు ఉబ్బి, ముక్కురంధ్రాలు పైకి జరిగి, కింది దవడ ముందుకొచ్చి, కాళ్ళు వంకరపోయి పుట్టింది. చూసినవాళ్ళంతా “ఎంత చిన్నదో!” అని మురిసేవాళ్ళు. ఆవిడ మాత్రం పక్కకు తిరిగి నిలబడేది. అగ్రెకాన్ అనే జన్యువులో కొన్ని మార్పులు దానికి మూలమని కెంటకీ విశ్వవిద్యాలయం పరిశోధనలో తేలింది. పైకి ఏ లోపమూ కనబడని రెండు వాహకాలు కలిస్తే, పుట్టే ప్రతి పిల్లకూ నాలుగింట ఒక వంతు ఆ ప్రమాదం ఉంటుంది. ఇప్పుడు వెంట్రుకలు పంపిస్తే చాలు, పరీక్షచేసి చెబుతారు. మా రోజుల్లో ఆ సదుపాయం లేదు. ఆవిడ ఆ పిల్ల తల్లిని గానీ తండ్రిని గానీ మళ్ళీ ఈనికకు వాడలేదు.

2011 వసంతం నుంచి తయారీ. గుర్రం ఎప్పుడు పుట్టినా ప్రదర్శనల్లో వయసు జనవరి ఒకటి నుంచే లెక్క. ఏడాది పిల్ల 32 అంగుళాలు దాటకూడదు. ప్రతి నెలా సిమెంటు గచ్చు మీద నిలబెట్టి కొలబద్ద పెట్టేవాళ్ళం. అది తల వంచితే ఒక కొలత, ఎత్తితే ఇంకో కొలత. అందుకే కొలత పుల్లకు అలవాటుపడి ప్రశాంతంగా నిలబడడం నేర్పడమే మొదటి పాఠం.

చలికాలం బొచ్చులో అది కాళ్ళు మొలిచిన గుమ్మడికాయలా ఉండేది. ఆ పొట్ట తగ్గించాలి, కానీ కడుపు మాడ్చకూడదు. ఈ చిన్న గుర్రాలకు ఉన్నట్టుండి మేత తగ్గిస్తే ఒంట్లో కొవ్వు రక్తంలోకి దిగి ప్రాణం మీదికొస్తుంది. గడ్డి తూచి, నట్టల మందు వేసి, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించి, పొద్దున్నే తిన్నటి దారిలో నడిపించేవాళ్ళం. లేత ఎముకలు కదా, చిన్న వలయాల్లో పరుగెత్తించడం పెద్దావిడ ఒప్పుకునేది కాదు. వేసవికి వాన పూర్తిగా ముఖం చాటేసింది. కోస్టల్ బెర్ముడా గడ్డి దొరకలేదు, వేరే రాష్ట్రాల నుంచి లారీల్లో వచ్చేది. మేపలేక రోడ్ల పక్కన వదిలేసిన గుర్రాల వార్తలు పేపర్లో వచ్చేవి. ఆవిడ పేపరు మడిచి పెట్టి, గడ్డి కట్టలు లెక్కపెట్టుకునేది.

ప్రదర్శనకు ముందు ఒళ్ళంతా బొచ్చు కత్తిరించాలి. ముందు స్నానం, పూర్తిగా ఆరబెట్టడం. మట్టి ఉంటే క్లిప్పర్ పళ్ళు మొద్దుబారతాయి. వెంట్రుక వాలుకు ఎదురుగా, పొడుగు చాళ్ళు. ప్రతి చాలుకూ బ్లేడు నా మణికట్టుకు ఆనించి చూసేదాన్ని, వేడెక్కితే చర్మం కాలుతుందని. మడమల మడతల్లో, మోచేతుల కింద చర్మం సాగదీసి పట్టుకోవాలి. ముదురు గోధుమరంగు పిల్ల సాయంత్రానికి బూడిదరంగులోకి మారిపోయింది. నా నోట్లో, కనురెప్పల మీద అంతా బొచ్చే. గుమ్మడికాయ కింద దాగిన మెడ, భుజం అప్పుడు బయటపడ్డాయి. వెనక కాళ్ళ వంకర కూడా బయటపడింది.

ఆ వారమే హైదరాబాద్ నుంచి అత్తగారు ఫోన్ చేశారు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె, బస్సుల్లేవు, బడులు మూతపడ్డాయి అని. “నువ్వేం చేస్తున్నావమ్మా?” అంటే “ఇంట్లోనే ఉన్నానండీ” అన్నాను. చదువుకున్న కోడలు గుర్రం పేడ ఎత్తుతోందని చెప్పడానికి ఆ వయసులో నాకు మొహమాటం. ఇప్పుడైతే మొదటి మాటగా అదే చెబుతాను.

ప్రదర్శన ఫెయిర్‌గ్రౌండ్స్‌లో. మూతికీ కళ్ళ చుట్టూ నూనె రాసి మెరిపించాం, గిట్టలకు నల్లరంగు వేశాం. పగ్గం పట్టుకున్నది పెద్దావిడే. జడ్జి పళ్ళు చూశాడు, నడిపించమన్నాడు, చిన్న పరుగు తీయించమన్నాడు. బిస్కెట్ చెవులు నిక్కబొడిచి, మెడ చాచి, నాలుగు కాళ్ళూ నేలకు పాతినట్టు నిలబడింది. మూడో స్థానం, పసుపు రిబ్బను. మొదటి స్థానం వచ్చిన పిల్ల ఏ రంగో కూడా నాకు గుర్తులేదు. ఆవిడ బయటికొచ్చి అన్నది మాత్రం గుర్తుంది: “వెనక కాళ్ళు. పాలు మాన్పించిననాడు నువ్వూ అదే చెప్పావు.” ఆ ఒక్క మాటతో ఆ దేశంలో నేనూ ఒక పని తెలిసిన మనిషినయ్యాను.

మూడో ఏట బిస్కెట్ 34 అంగుళాలు దాటింది. ఆ సంఘం పుస్తకంలో దానికిక చోటు లేదు. 38 దాకా ఒప్పుకునే రిజిస్ట్రీ ఇంకొకటి ఉంది గానీ ఆవిడ ప్రదర్శనల ఆలోచన మానేసి, చిన్న బండి లాగడం నేర్పి ఒక రిటైరైన జంటకు ఇచ్చింది. 2015 మేలో హెచ్4 వాళ్ళలో కొందరికి పని అనుమతులు మొదలయ్యాయి. నాకు పశువుల క్లినిక్‌లో ఉద్యోగం దొరికింది. పెద్దావిడ రాంచ్ ఉన్నచోట ఇప్పుడు ఇళ్ళు. వాటిలో సగం మనవాళ్ళవే.

ఇటీవల ఊరికి దూరంగా ఎకరం రెండెకరాలు కొన్న తెలుగు కుటుంబాలు, పిల్లల సరదా కోసం మినియేచర్ కొంటామని నాకు ఫోన్ చేస్తున్నాయి. వాళ్ళకు చెప్పేదే మీకూ చెబుతున్నాను. ఒక్కదాన్నే కొనకండి, తోడు లేనిదే గుర్రం బతుకు బతుకు కాదు. పచ్చిక మీద విచ్చలవిడిగా వదలకండి, గిట్టల లోపల వాచి కుంటిదవుతుంది. అన్నిటికంటే చిన్నదాన్ని ఏరకండి. పళ్ళు చూడండి, వెనకనుంచి నడక చూడండి, తల్లిదండ్రుల జన్యు పరీక్ష కాగితం అడగండి. అది ముప్ఫై ఏళ్ళు బతకగల ప్రాణి. మీ పిల్లలు ఇల్లు విడిచి వెళ్ళాక కూడా రోజూ పొద్దున్నే దానికి గడ్డి వేయగలమనుకుంటేనే ఇంటికి తెచ్చుకోండి.