విధికి రెండర్థాలు

'విధి' అన్న మాటకు మన నిఘంటువులలో పలు అర్థాలున్నాయి. వాటిలో రెండు నాకు ఎప్పుడూ చిత్రంగా తోస్తాయి. ఒకటి తలరాత, రెండవది 'ఇట్లా చేయవలెను' అని చెప్పే శాసనం. మా అనంతపురం ప్రాంతంలో మొదటి అర్థానికే వాడుక ఎక్కువ. వాన రాకపోయినా, బోరు ఎండినా, శెనక్కాయ పంట పోయినా విధి అనుకోవడం మాకు తాతల నాటి అలవాటు. రోడ్డు ప్రమాదంలో మనిషి పోయిన ఇంటికి పరామర్శకు వెళ్ళినా వినబడేది అదే మాట: "నుదుట అట్లా రాసి ఉంటే ఎవరేం చేస్తారు?"

అయితే ఆ నుదుటిని గురించి మనుషులు రాసిన విధులు కూడా ఉన్నాయి. వాహనపు ముందరి అద్దం ఎట్లా ఉండాలి, దానికి తల తగిలితే ఏమి జరగాలి, ఏమి జరగకూడదు అని దేశదేశాల నిపుణులు కూర్చుని రాసినవి. ఉద్యోగ విరమణ తరువాతి తీరికలో వాటిని చదివాను. సూత్రగ్రంథాలను చదివిన కళ్ళకు అవి కొత్తగా అనిపించలేదు. ఇక్కడా విధి ఉంది, నిషేధం ఉంది, అపవాదం ఉంది.

పాత బస్సులలో ప్రయాణించిన నా వయసువారికి ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. 1980లలో ఒకసారి కళ్యాణదుర్గం నుండి వస్తుండగా, ఎదురుగా పోయిన కంకర లారీ చక్రం కింద నుండి ఒక రాయి ఎగిరివచ్చి మా బస్సు అద్దానికి తగిలింది. ఒక్క క్షణంలో అద్దమంతా పాలు పోసినట్లు తెల్లబడిపోయింది. డ్రైవరు పిడికిలితో దానికి కన్నం చేసి, ఆ కన్నంలో నుండి దారి చూస్తూ బండిని పక్కకు తీశాడు. గాజును 600 డిగ్రీలకు పైగా కాచి, గాలితో ఒక్కసారిగా చల్లార్చితే అటువంటి అద్దం తయారవుతుంది. గట్టిదే, కాని పగిలిందా, మొత్తంగా చిన్న చిన్న పలుకులైపోతుంది. పక్క అద్దాలకు ఇప్పటికీ దీనిని విరివిగా వాడుతున్నారు. ముందరి అద్దానికి మాత్రం ఇది తగదు. పగిలితే దారి కనబడదు, తల వచ్చి తాకితే ఆపేది ఏదీ మిగలదు.

దీనికి మందు అంతకు చాలా ముందే దొరికింది. 1903లో ఎడ్వర్డ్ బెనెడిక్టస్ అనే ఫ్రెంచి కళాకారుడి చేతి నుండి ఒక గాజుకుప్పె జారిపడింది. కుప్పె పగిలింది గాని ముక్కలు విడిపోలేదు. లోపల ఎండిన సెల్యులోజ్ నైట్రేట్ పొర వాటిని పట్టి ఉంచింది. 1909లో ఆయన దానికి పేటెంటు పొందాడు. నేటి లామినేటెడ్ అద్దానికి అదే మూలం. రెండు గాజుపలకల నడుమ, మా ఓళిగలో పూర్ణం వలె, ఒక పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. మన కేంద్ర మోటారు వాహనాల నియమావళి (1989) 100వ నియమం ముందరి అద్దానికి దీనినే విధించింది. 1993 సవరణ వచ్చిన మూడేళ్ళ తరువాత తయారయ్యే వాహనాలకు ఇది తప్పనిసరి అయింది. ద్విచక్ర వాహనాలకు, వ్యవసాయ ట్రాక్టర్లకు మినహాయింపు.

ఐక్యరాజ్యసమితి 43వ నిబంధనలోని పరీక్షలు మరింత ఆసక్తికరం. 227 గ్రాముల ఉక్కు గుండును అద్దపు ముక్కలపై పడవేస్తారు. కొన్నిటిని మైనస్ 20 డిగ్రీల చలిలో ఉంచి, కొన్నిటిని 40 డిగ్రీల వేడిలో ఉంచి. (ఆ రెండవది మాకు ఏప్రిల్ నెలలో ఉచితంగా లభిస్తుంది!) తరువాత 10 కిలోల కృత్రిమ శిరస్సు వంతు. అది కొయ్యతో చేసినది, పైన దళసరి ఉన్నిగుడ్డ తొడుగు. దానిని మీటరున్నర ఎత్తు నుండి అద్దం మీదికి వదులుతారు. అప్పుడు అద్దం పగలాలి. దెబ్బ తగిలిన చోటు చుట్టూ నీటి అలల వలె వలయాలుగా బీటలు పడాలి. నడిమి పొర చిరిగినా దోషం లేదు, తల మాత్రం దాటిపోకూడదు. పగలకుండా ఎదిరించే అద్దం తలకు బండరాయితో సమానం. తాను పగులుతూ తలను పట్టుకునేదే మంచి అద్దం.

ఇక తల ఎంత దెబ్బకు తట్టుకోగలదు? అమెరికాలో డెట్రాయిట్ నగరపు వేన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మృతదేహాలతో ప్రయోగాలు చేసి దీనికి పునాది వేశారు. తల ఎంత తీవ్రతతో, ఎంత సేపటిలో ఆగిందన్న రెంటినీ కలిపి 1970లలో ఒక అంకెగా కూర్చారు. వాహనాల ఢీ పరీక్షలలో ఆ అంకె 1000 దాటరాదన్నది ప్రసిద్ధమైన హద్దు. ఆ పరీక్షలలో బొమ్మ మనిషికి సీటు బెల్టు పెట్టి ఉంటుందన్నది మరువరాదు. మన చట్టంలో 2019 సవరణ తరువాత బెల్టు పెట్టుకోనివారికి జరిమానా కూడా 1000 రూపాయలే. మనకు తెలిసినదీ, మనం భయపడేదీ ఈ రెండవ వెయ్యికే.

ఈ విధులన్నిటి వెనుక ఒక ఊహ ఉంది. అద్దం వెనుక ఒక సీటు, ఆ సీటులో ఒక మనిషి ఉంటారన్నదే ఆ ఊహ. పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో 2019 నుండి కియా కార్లు తయారై దేశవిదేశాలకు పోతున్నాయి. అక్కడ ఆ ఊహ నిజమే. అదే 44వ జాతీయ రహదారి మీద తెల్లవారుజామున ముగ్గురు ఎక్కవలసిన ఆటోలో పది, పన్నెండు మంది కూలీలు పోతూ ఉంటారు. డ్రైవరుకు రెండు వైపులా ఇద్దరు, వెనుక కమ్మీ పట్టుకుని వేలాడుతూ మరి కొందరు. 2024 నవంబరులో గార్లదిన్నె మండలం తలగాసిపల్లె వద్ద ఆటో, బస్సు ఢీకొని ప్రాణాలు పోయిన ఎల్లుట్ల కూలీలు అట్లా పనికి పోయి ఇల్లు చేరవలసినవారే. వారి తలలకు ఏ పరీక్షాశాలలోనూ నమూనా లేదు. కొయ్య తలకు ఉన్న రక్షణ ఆ తల్లులకు లేదు.

చదువరులు కారు అద్దం మార్పించేటప్పుడు మూలనున్న ముద్రను చూడండి. ఐ.ఎస్. 2553 అన్నది మన దేశపు ప్రమాణం, 43ఆర్ అన్నది అంతర్జాతీయ నిబంధన. అద్దం మీద ఇష్టదైవం పేరు రాయించుకుందాం, నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టుకుందాం, తప్పులేదు. బెల్టు కూడా పెట్టుకుందాం. కాని కూలికి పోయే వేళకు పల్లెకు ఒక బస్సు నడపమని అడగడం అంతకంటె ముఖ్యమని నా అభిప్రాయం. అది విధి, రెండవ అర్థంలో.