రెండోవైపు వినండి

పాత సినిమా పాట ఏదైనా ఒకటి తలుచుకోండి. పాడిందెవరో చెబుతారు. రాసిందెవరో, బాణీ కట్టిందెవరో కూడా చెబుతారు. మరి పల్లవికీ చరణానికీ మధ్య మనసుని మెలిపెట్టే ఆ వేణువు ఊదిందెవరు? తెలీదు. కుక్కబొమ్మ ఉన్న ఆ రికార్డుల మీద సినిమా పేరు, గాయకుల పేర్లు, సంగీత దర్శకుడి పేరు ఉండేవి. వాయించినవాళ్ళ పేర్లకి మాత్రం చోటుండేది కాదు.

ఈ ప్రశ్న నాకు మద్రాసులోనో హైదరాబాదులోనో పుట్టలేదు. లండన్‌లో, జమైకా పాటల రికార్డులు అమ్మే ఓ చిన్న కొట్లో పుట్టింది!

ఉద్యోగం కోసం లండన్ వెళ్ళిన కొత్తలో శనివారాలు బెండకాయలకీ పచ్చిమిరపకాయలకీ బ్రిక్స్‌టన్ మార్కెట్‌కి వెళ్ళేవాణ్ణి. 1948లో విండ్‌రష్ ఓడ దిగినవాళ్ళతో మొదలుపెట్టి ఎందరో కరీబియన్ దీవుల జనం స్థిరపడ్డ పేట అది. మనం తినే కూరలు చాలావరకు వాళ్ళూ తింటారు. సంచీతో నడిచొస్తుంటే ఒకచోట కాళ్ళకింద నేల అదిరేది. బేస్ గిటార్ మోత. ఆ మోత పట్టుకునే లోపలికెళ్ళాను.

కొట్టంటే ఓ పడకగదంత. గోడల నిండా ఏడంగుళాల రికార్డులు. కౌంటర్ వెనక డెబ్భై దాటిన జమైకా పెద్దాయన. ఆయన ఒక రికార్డు వేసి ఓ ఇరవై సెకన్లు వినిపించేవాడు. కావలసినవాళ్ళు చెయ్యెత్తాలి. అంతే, పక్కకి తీసి పెట్టేవాడు. నేను ఊరికే నిలబడితే అడిగాడు, ‘నీకేం కావాలి బాబూ?’ అని. ‘ఇప్పుడు మోగిందే, అది’ అన్నాను. అలా మొదలైంది నా సేకరణ.

పాత జమైకా రికార్డులు చూడ్డానికి అందంగా ఉండవు. నడుమ పెద్ద బెజ్జం. మన గ్రామఫోను మీద నిలవాలంటే చిన్న ప్లాస్టిక్ బిళ్ల అమర్చాలి. కొన్నింటికి లేబులే ఖాళీ. ఇంగ్లండ్‌లో అధికారికంగా విడుదల కాకముందే కింగ్‌స్టన్ నుంచి తెప్పించి అమ్మిన సరుకది. అవి ఏ పాటలో తెలియాలంటే కొట్టువాడి చెవే ఆధారం. గీతలు అయిపోయాక లేబుల్ పక్కన నున్నటి చోట సూదితో గీకినట్టు అంకెలుంటాయి. పెద్దాయన వాటిని వెలుతురులో పెట్టి చదివి, ఎవరి అచ్చో, ఎప్పటిదో చెప్పేవాడు.

పేరు దాచడం అక్కడి వ్యాపారంలో పాత అలవాటే. 1950లలో కింగ్‌స్టన్ వీధుల్లో పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి నాట్యాలు నడిపేవారు. వాటిని సౌండ్ సిస్టమ్స్ అంటారు. కోక్సన్ డాడ్ అనే ఆయన అమెరికా నుంచి రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులు తెచ్చి, పోటీదారులు కనిపెట్టకుండా లేబుల్ గీకేసేవాడు. విల్లిస్ జాక్సన్ వాయించిన ఒక రికార్డుకి ‘కోక్సన్ హాప్’ అని తన పేరే పెట్టుకున్నాడు! ఆ డాడ్ గారే 1963లో కింగ్‌స్టన్ బ్రెంట్‌ఫర్డ్ రోడ్డులో స్టూడియో వన్ తెరిచారు. సోల్ సంగీతానికీ రెగేకీ చుట్టరికం ఇలా కలిసింది. అందుకే ఆ కొట్లో రెండూ పక్కపక్క అరల్లోనే ఉండేవి.

లండన్‌కి ఆ పాటలు చేరడంలో ఇలాంటి కొట్లదే పెద్దపాత్ర. డాడ్‌కి మిత్రుడైన జార్జ్ ప్రైస్ 1974లో షెపర్డ్స్ బుష్ దగ్గర ఆస్క్యూ రోడ్డు మీద పెకింగ్స్ పేరుతో దుకాణం పెట్టి, స్టూడియో వన్ రికార్డులు ఇంగ్లండ్‌లో అమ్మారు. ఆయన 1994లో పోయాక కొడుకులు నడిపారు. అమెరికాలోని మెంఫిస్‌లో అయితే స్టాక్స్ కంపెనీ స్టూడియోకి ముందుగదే రికార్డుల కొట్టు. దాన్ని నడిపిన ఎస్టెల్ ఆక్స్‌టన్, కొనేవాళ్ళు దేనికి తల ఊపుతున్నారో గమనించి, ఆ సంగతి లోపల పాట కట్టేవాళ్ళకి చెప్పేవారు.

ఒక శనివారం పెద్దాయన రికార్డు తిప్పి రెండోవైపు వేశాడు. అదే పాట, గొంతు మాత్రం లేదు. దీన్ని ‘వెర్షన్’ అంటారట. 1960ల చివర ఒక రికార్డు కోసేటప్పుడు ఇంజనీరు గొంతు కలపడం మర్చిపోయాడనీ, దాన్నే నాట్యంలో వేస్తే జనం తామే పాట అందుకుని ఊగిపోయారనీ చెబుతారు. అప్పటినుంచి రెండోవైపు వాద్యాలకే వదిలేయడం ఆచారమైంది. గొంతు తప్పుకోగానే అసలు పనివాళ్ళు వినిపించారు. ‘ఆ ఆర్గన్ జాకీ మిట్టూది. ఇరవై ఏళ్ళు నిండకముందే స్టూడియో వన్ బ్యాండుని నడిపాడు’ అన్నాడు పెద్దాయన. లేబుల్ చూశాను. ఆ పేరు లేదు. మిట్టూ 1990లో, నలభై రెండేళ్ళకే పోయాడట. ఆయన ఆధ్వర్యంలో సౌండ్ డైమెన్షన్ బృందం వాయించిన ‘రియల్ రాక్’ బాణీ మీద తర్వాత ఎందరెందరో పాటలు కట్టుకున్నారు.

అమెరికాలోనూ ఇదే తంతు. డెట్రాయిట్‌లో 1959లో పుట్టిన మోటౌన్ కంపెనీ పాటలకి ప్రాణం పోసిన ఫంక్ బ్రదర్స్ బృందం పేర్లు ఏళ్ళ తరబడి అట్టల మీద లేవు. 1971లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బం అట్ట మీద తొలిసారి అచ్చయ్యాయి. వాళ్ళలో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ 1983లో కన్నుమూశాడు. వాళ్ళ మీద డాక్యుమెంటరీ సినిమా వచ్చింది 2002లో!

రికార్డుల పిచ్చి అనగానే జనానికి ధరలే గుర్తొస్తాయి. 1965 నాటి ఫ్రాంక్ విల్సన్ రికార్డు ఒకటి 2009లో పాతికవేల పౌండ్లు దాటి అమ్ముడైంది. నేను అయిదారు పౌండ్లవాణ్ణి. గీతలు పడినా పర్లేదు. నాకు దొరికిన ఖరీదైన వస్తువు పెద్దాయన నోటి మాట.

2010లో ఆ కొట్టు మూతపడింది. అద్దె పెరిగింది, కుర్రకారు ఇంటర్నెట్‌కి మళ్ళింది. రికార్డులు ఎవరో టోకున కొనుక్కుపోయారు. వాటిలో ఎవరు వాయించారో, ఖాళీ లేబుల్ కింద ఏ పాట ఉందో... ఆ లెక్క అంతా ఆయన తలలో ఉంది. దాన్ని టోకున కొనేవాళ్ళుండరు కదా!

ఆఖరి నెలలో నోటుబుక్కు పట్టుకుని వెళ్ళి, నా దగ్గరున్న రెండొందల పైచిలుకు రికార్డులూ ఒక్కొక్కటీ వినిపించి అడిగాను. డ్రమ్స్ ఎవరు, ట్రాంబోన్ ఎవరు అని. చెప్పినవన్నీ చీటీల మీద రాసి కవర్లలో పెట్టాను. ఆయనకీ గుర్తురాని చోట ఖాళీ వదిలేశాను.

మీ ఇంట్లో అటక మీద పాత రికార్డులుంటే ఒకసారి దింపండి. ఆ పాటకి వయొలిన్ వాయించినాయన ఏ ఊళ్ళోనో ఇంకా ఉండొచ్చు. కనుక్కుని, ఒక చీటీ రాసి పెట్టండి. మన చీటీలూ చాలానే ఖాళీగా ఉన్నాయి.