కంప్యూటరు దారి తప్పినప్పుడు

నేడు గృహోపకరణములలో కంప్యూటరు కూడ చేరినది. ఇంటి లెక్కలు, బిడ్డల చదువులు, దూరమున నున్న వారితో ముఖాముఖి మాటలు, శుభకార్యముల ఛాయాచిత్రములు, అన్నియు దానియందే యుండుచున్నవి. అయినను అది చెడినప్పుడు మాత్రము మనము దూరముగా నిలిచి, ఇంటిలోని మగవారి కొరకో, బజారులోని మరమ్మతు చేయువాని కొరకో ఎదురుచూచుచుందుము. కుట్టుమిషనులో దారము తెగినచో ఎందుకు తెగెనో మనమే చూచుకొందుము. గ్రైండరు తిరుగకున్న ముందుగా ప్లగ్గు చూతుము. ఆపాటి విచారణ కంప్యూటరు విషయమునను చేయవచ్చునని మా యింట జరిగిన యొక సంగతి వలన మాకు తెలిసినది. సోదరీమణులకు ఉపయోగపడునని దాని నిచట వ్రాయుచున్నాము.

మా యింటి కంప్యూటరు పాతది. మొదటినుండియు దానియందు ఒక హార్డుడిస్కు కలదు. అది లోపల చిన్న పళ్లెము నిమిషమునకు 7200 మారులు తిరుగుచుండగా పనిచేయు జాతిది. మూడేండ్ల క్రిందట మా ఆడబిడ్డ కుమారుడు సెలవులకు వచ్చి, "అత్తయ్యా, ఇది లేచేసరికి కాఫీ తాగి గ్లాసు కడిగి రావచ్చు" అని నవ్వి, తిరుగుడు లేని ఎస్.ఎస్.డి. యను క్రొత్త డిస్కు నొకదానిని అమర్చి, విండోసును అందులో క్రొత్తగా నెక్కించెను. పాత డిస్కును తీసివేయక అట్లే యుంచెను. నాటినుండి ఆ యొక్క పెట్టెలో రెండు కాపురములు: పాత విండోసు పాత డిస్కులో, క్రొత్తది క్రొత్త డిస్కులో.

గడచిన వేసవిలో ఒకనాటి యుదయము మీట నొక్కగా యంత్రము మెల్లమెల్లగా లేచి మూడేండ్ల నాటి తెరను మా ముందుంచెను. మూడేండ్ల లెక్కలు లేవు. మా అమ్మాయి కాలేజీ ప్రవేశమునకై సిద్ధపరచుకొన్న పత్రముల ప్రతులు లేవు. బ్యాంకు పుట తెరువబోయిన, భద్రత లేదని హెచ్చరిక వచ్చుచుండెను. క్రింది మూలనున్న గడియారము 2010 జనవరి 1 అని చూపుచుండెను. "అంతా పోయిందమ్మా" అని పిల్ల కంట నీరు పెట్టుకొనెను.

మరమ్మతు చేయు నతనిని పిలిపించితిమి. అతడు కొంచెము సేపు చూచి, "పాత డిస్కులో కూడా విండోస్ ఉందమ్మా. అందుకే ఈ గందరగోళం. దాన్ని ఫార్మాట్ కొట్టేస్తే సరిపోతుంది" అనెను. ఫార్మాటు కొట్టుట యనగా అందున్న సర్వమును తుడిచివేయుట. ఇంటివారును, పాతదే కదా, పోనిమ్మనిరి.

ఆ పాత డిస్కులో మా అత్తగారి పాటలున్నవి. ఆమె 2018లో స్వర్గస్థురాలైరి. పెండ్లిపాటలు, మంగళహారతులు, జోలపాటలు నలువది వరకు ఆమె పాడుచుండగా మా మరిది తన సెల్‌ఫోనులో పట్టి ఆ డిస్కులోనికి చేర్చెను. తరువాత ఆ ఫోను పాడైనది. ఆమె పాటలన్నియు కంఠస్థములే గాని యెన్నడును కాగితముపై పెట్టినవి కావు. వరుసలు మాలో నెవరికిని పూర్తిగా రావు. కనుక "నాలుగు రోజులు ఆగండి" అని చెప్పి ఆ యువకుని పంపివేసితిమి. ఇంటిలో కొందరికి ఇది మొండితనముగా తోచినది.

మా ప్రశ్న యొక్కటే. మూడేండ్లుగా రెండు డిస్కులును కలసియే యున్నవి గదా, నేడు మాత్రమేల ఈ గందరగోళము? ఈ యంత్రము మేలుకొనుట యెట్లో చదివి తెలిసికొంటిమి. మీట నొక్కగానే మొదట లేచునది విండోసు కాదు. లోపలి పెద్ద పలకమీద ఒక చిన్న చిప్పులో బయాస్ అను చిన్న కార్యక్రమ మున్నది. క్రొత్త యంత్రములలో దీని స్థానమున యు.ఇ.ఎఫ్.ఐ. అనునది యుండును. అది తక్కిన భాగములను పలుకరించి, పిదప విండోసును వెదకుటకు బయలుదేరును. ఏ డిస్కులో ఏమున్నదో దానికి తెలియదు. పేరంటమునకు పిలువబోవు పిల్ల చేతి చీటీ వలె దానికొక జాబితా యుండును. జాబితాలో మొదటి పేరు గల తలుపు తట్టును. లోపలినుండి విండోసు పలికినచో కాపురము దానికి అప్పగించి తాను తప్పుకొనును. రెండవ తలుపు తట్టనే తట్టదు. మా పాత డిస్కు చేసిన నేరమంతయు, తన్ను ముందు పిలువగా పలుకుటయే.

మరి జాబితా యేల తారుమారైనది? పాత యంత్రములలో ఆ జాబితాయు, గడియారమును మరచిపోకుండ కాపాడునది ఒక చిన్న నాణెమువంటి బ్యాటరీ. దాని పేరు సి.ఆర్.2032. వెడల్పు 20 మిల్లీమీటర్లు, మందము 3.2 మిల్లీమీటర్లు, బలము 3 వోల్టులు. గోడమీది స్విచ్చి వేసియున్నంత కాలము ఆ జ్ఞాపకము ఇంటి కరెంటు వలన నిలుచును. స్విచ్చి ఆర్పినప్పుడు బ్యాటరీయే దిక్కు. మా యింట ప్రతిరాత్రియు స్విచ్చి ఆర్పుట వాడుక. బ్యాటరీ ఉడిగినచో తెల్లవారునప్పటికి యంత్రము తేదీని, జాబితాను మరచి, కర్మాగారములో నేర్పిన మొదటి వరుసకు పోవును. మా యంత్రమున ఆ వరుసలో మొదటి గూడు పాత డిస్కుదే.

ఈ యూహను పరీక్షించితిమి. తేదీ సరిచేసి ఒక రాత్రి స్విచ్చి ఆర్పక యుంచితిమి. తెల్లవారి తేదీ చెదరలేదు. మరునాటి రాత్రి ఆర్పితిమి; తెల్లవారి మరల 2010 జనవరి 1. ఇక సందేహము లేదు.

తరువాత చేసిన పని వరుసగా చెప్పెదము. మొదట, పెన్‌డ్రైవు వంటి వేవియు తగిలించి యుండకుండ చూచితిమి. కొన్ని యిండ్లలో మరచిన పెన్‌డ్రైవు తలుపునే యంత్రము ముందు తట్టి, అందేమియు దొరకక నిలిచిపోవుట కలదు. రెండవది, యంత్రము లేచుచుండగా ఎఫ్12 మీట నొక్కితిమి. ఇది కొన్ని కంపెనీల యంత్రములలో ఎఫ్8, మరికొన్నింట ఎఫ్11. "ఈ ఒక్కమారు ఏ డిస్కునుండి లేవవలెను?" అని యడుగు చిన్న పట్టిక వచ్చును. ఇందువలన దేనికిని మార్పు కలుగదు గనుక ఇది మిక్కిలి నిరపాయమైన పరీక్ష. పేర్లు అంకెలతో కూడిన సంకేతములుగా నున్నను, పాతది 500 జీబీ, క్రొత్తది 240 జీబీ యగుటచే గురుతు పట్టితిమి. క్రొత్తదానిని ఎన్నగానే, మూడేండ్ల లెక్కలు, పిల్ల పత్రములు, సమస్తమును ఎప్పటివలె ప్రత్యక్షమైనవి. ఏదియు పోలేదు. అమ్మాయి ముఖమున నవ్వు కనబడెను.

శాశ్వతముగా సరిచేయుటకు, యంత్రము నార్పి, ప్లగ్గు ఊడదీసి, ప్రక్క రేకు విప్పితిమి. ఒంటిమీది విద్యుత్తు భాగములకు సోకకుండ ముందుగా పెట్టెయొక్క ఇనుమును తాకితిమి. బ్యాటరీ యే ముఖము పైకి నున్నదో చూచుకొని, అదే రీతిగా క్రొత్తది పెట్టితిమి. గడియారముల దుకాణమున కొద్ది రూపాయలకే అది దొరకును. పిమ్మట మీట నొక్కి, డిలీట్ మీటను వరుసగా తట్టగా బయాస్ పుట తెరచుకొనెను. కొన్ని యంత్రములలో దీనికి ఎఫ్2 నొక్కవలెను. అందు తేదీ దిద్ది, బూట్ అను భాగములో క్రొత్త డిస్కు పేరును మొదటికి జరిపి, ఎఫ్10 తో భద్రపరచితిమి. నాటినుండి రాత్రి స్విచ్చి ఆర్పినను యంత్రము దారి తప్పలేదు.

కొన్ని జాగ్రత్తలు చెప్పవలసియున్నవి. ఆ పుటలో ఏమి మార్చుటకైనను ముందు, ఉన్నదున్నట్లు ఫోనుతో చిత్రము తీసికొనుడు. అర్థము కాని మాట జోలికి పోవద్దు. సందేహము కలిగిన భద్రపరచకయే వెలుపలికి రావచ్చును. క్రొత్త యంత్రములలో డిస్కు పేరునకు బదులు విండోస్ బూట్ మేనేజర్ అను పేరు మొదట నుండవలెను. కొన్నింట బిట్‌లాకర్ అను తాళము వేసియుండును. అట్టివానిలో మార్పు చేసినచో 48 అంకెల తాళపు సంఖ్య నడుగవచ్చును, అది చేత లేనిదే ముట్టరాదు. అసలు డిస్కు పేరే పట్టికలో కనబడనిచో దోషము వరుసది కాదు. తీగె వదులైనను కావచ్చును, డిస్కే చెడినను కావచ్చును. అప్పుడు తెలిసినవారిని పిలుచుటయే యుక్తము.

యంత్రము కుదుటపడినదే తడవుగా అత్తగారి పాటలను క్రొత్త డిస్కులోనికి ఒక ప్రతియు, పెన్‌డ్రైవులోనికి ఒక ప్రతియు ఎత్తించితిమి. పెన్‌డ్రైవును ఆడబిడ్డకు పంపితిమి. తల్లి గొంతు విన్న ఆమె ఆ రాత్రి ఫోను చేసి, "వదినా, చివరి జోలపాట మధ్యలో అమ్మ దగ్గింది విన్నావా?" అని యడిగినది. వింటిమి.

మరమ్మతు చేయువానిని మేము నిందింపము. అతనికి రోజునకు పది యిండ్లు తిరుగవలెను. త్వరగా తీరు ఉపాయ మతడు చెప్పెను. ఏ డిస్కులో నేమున్నదో, దాని విలువ యెంతయో అతనికి తెలియుట యెట్లు? అది ఇంటిలోని వారికి, అందును వస్తువుల నుంచుట, తీయుట చేయు గృహిణికే తెలియును. కావున చెరిపివేయుమని యాజ్ఞ యిచ్చు నధికారమును ఆమె తన చేతిలోనే యుంచుకొనవలెను. ఎవరైనను మీ యింటి డిస్కును తుడిచివేయుదమనినచో, ముందుగా దానిని తెరిపించి, అందున్నది మీ కన్నులతో చూచి, కావలసినది వేరొకచోట భద్రపరచిన పిమ్మటనే సరే యనుడు.