గడులలో ముఖము

ముఖమును గడులలో చూపుట క్రొత్త సంగతి కాదు. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ అను ఇంజినీరు తన పసికుమారుని ఫోటోను కంప్యూటరులోనికి ఎక్కించెను. అది అటు 176, ఇటు 176 గడులు మాత్రమే. అయినను బిడ్డ బిడ్డవలెనే కనబడెను.

పాతకాలపు కంప్యూటరు ఆటలలోని బొమ్మవలె ఫోటోను మార్చు విధమును నా మేనల్లుడు నాకు చూపెను. గింప్ అను ఉచిత సాధనములో ఫోటో నకలును చతురముగా కత్తిరించి, అటు 32, ఇటు 32 గడులకు కుదింపవలెను. పిమ్మట ‘ఇండెక్స్‌డ్’ పద్ధతిలో 8 రంగులకు తగ్గింపవలెను. అప్పుడు ఎంత పెద్దది చేసినను అంచులు అలుకుకొనక గడులుగానే నిలుచును.

గతించిన మా అమ్మ ఫోటోను అట్లు చేసితిమి. చీర అంచు పోయెను. దానికి చింత లేదు. అయితే చెంపమీది పుట్టుమచ్చయు పోయెను. అది లేక ఆమె ఎవరో ఒక స్త్రీ. సాధనము రంగులను లెక్కించునే గాని, ఏది ప్రియమైనదో ఎరుగదు. కుదించిన చిత్రములో ఒక్క గడికి జుట్టు రంగు పెట్టించితిని, అమ్మ కనబడెను.

కావున యౌవనులారా, అసలు ఫోటోను భద్రపరచుడి. కుదించినది తిరిగి రాదు. ఆ ముఖమును ఎరిగిన పెద్దలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడి. విడువరాని గడి ఏదో వారే చెప్పగలరు.