కంచు గంటలు చెప్పిన మాట

మాది ఇనుపరాయికి పేరుబడ్డ బయ్యారం. కానీ ఇప్పుడు మీకు చెప్పబోయేది ఇనుము సంగతి కాదు, కంచు సంగతి.

అమ్మ పోయాక ఆమె కంచు సామాను దగ్గర అక్కకూ నాకూ మాట పట్టింపు వచ్చింది. గిన్నెలు అక్క తీసుకుపోయింది. చిన్నప్పుడు మా ఇద్దరికీ అమ్మ అన్నం కలిపి పెట్టిన కంచం నేను తెచ్చుకున్నాను. ఆ తర్వాత రెండేళ్లు మాటల్లేవు. "తోడబుట్టినదానితో పంతమేమిటే?" అని అత్తయ్య ఎన్నిసార్లు అన్నా నా చెవికెక్కలేదు.

పోయిన డిసెంబరులో మానుకోటలో రైలెక్కి హైదరాబాదులో ఉన్న మా ఆడపడుచు ఇంటికి వెళ్లాను. "పద వదినా" అంటూ గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ కెథడ్రల్‌కు తీసుకెళ్లింది. ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్లు 1870లో పునాది వేసిన కేథలిక్ గుడి అది. ముందు భాగంలో రెండు ఎత్తయిన గంట గోపురాలు. గంటలు అయిదు, అవీ ఇటలీ నుంచి తెప్పించినవే. 1892 క్రిస్మస్‌కు మొదటిసారి మోగాయట.

గన్‌ఫౌండ్రీ అన్న పేరెందుకో తెలుసా? నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఫిరంగులు పోయించిన చోటు అది. విచిత్రం చూడండి, కంచు ఫిరంగికీ కంచు గంటకూ కావలసినవి రాగి, తగరమే. ఫిరంగిలో తగరం పదో వంతు, గంటలో అయిదో వంతు. ఆ తగరం ఎక్కువవడం వల్లే గంటకు అంత నాదం. పెళుసుతనమూ దానివల్లే. బీట పడిందంటే ఆ మోత పోతుంది. సాధారణంగా కరిగించి మళ్లీ పోత పోయాల్సిందే. మన కంచు గిన్నెలదీ ఇంచుమించు అదే పాకం.

గోపురాల కింద నిలబడితే నాకు అక్క గుర్తొచ్చింది. ఒక్క తల్లి కడుపున పుట్టినవాళ్లమే. గంటలా ఉండాల్సినవాళ్లం ఫిరంగులమయ్యాం కదా అనిపించింది. బీట ఇంకా పెద్దది కాకముందే ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాను.

ఇంటికి రాగానే కంచం చింతపండుతో తోమి, సంచిలో పెట్టుకుని అక్క ఊరికి బస్సెక్కాను. తలుపు తీసి నన్ను చూసింది. సంచి వంక చూసింది. "రావే, అన్నం తిందువు గాని" అంది.

అమ్మ గిన్నెలో పప్పు, అమ్మ కంచంలో అన్నం. చాన్నాళ్లకి ఇద్దరం ఒకే కంచంలో తిన్నాం.